లార్డ్సు మైదానము, ఆక్సుఫర్డు విద్యాపీఠము: ఒక యాత్రికుని విన్నపము

(మన సంఘ వార్షిక మహాసభయందుఁ జేసిన యుపన్యాసము)



ఈ మహాసభయందు నాకుఁ గొంతసేపు మాటలాడ నవకాశ మొసంగిన కార్యదర్శిగారికిఁ గృతజ్ఞుఁడను. "మాస్టారూ, మీరు ఇంగ్లండు వెళ్ళి వచ్చారు గదా, అక్కడి వింతలు నాలుగు చెప్పండి" అని వారు నన్నుఁ గోరిరి. ముప్పదియైదేండ్లు పిల్లలచే శబ్దములు, సమాసములు వల్లె వేయించినవాఁడనే గాని వింతలు చెప్పి సభను రంజింపఁజేయు నేర్పు నాకు లేదు. చూచిన మూఁడు స్థలములను గూర్చి చెప్పి, తుదకు మీ యెదుట నొక విన్నపము నుంచెదను. అది మన విద్యార్థి వసతిగృహము వెనుక నున్న ఖాళీస్థలమును గూర్చినది. ఆ స్థలమునఁ గల్యాణమంటపము కట్టు విషయము రేపు మీ తీర్మానమునకు రానున్నది. కావున నా యాత్రావృత్తాంతము కేవలము వినోదార్థము గాదని ముందుగనే మనవి చేయుచున్నాను.

2023వ సంవత్సరపు వేసవిలో లండను నగరమున మా అమ్మాయి యింట రెండు మాసము లుంటిని. నా మనుమరాలికిఁ బదునొకండేండ్లు. ఆ బాలిక బడిలోఁ గ్రికెట్టు ఆడును. ఒక యాదివారము ప్రొద్దున నాతో, "తాతయ్యా, ఇవాళ నిన్నొక గుడికి తీసుకెళ్తాను, త్వరగా తయారవు" అనెను. నేను నిజముగా దేవాలయమే యనుకొని స్నానము చేసి, విభూతి పెట్టుకొని, పెట్టెలోని పట్టుపంచె దీసి కట్టుకొంటిని. తీఱ వెళ్ళి చూడఁగా నది లార్డ్సు క్రికెట్టు మైదానము. ద్వారమున టిక్కెట్లు చూచు నతఁడు నా పంచెను జూచి గౌరవముగా నమస్కరించెను. మనుమరాలు నవ్వు నాపుకొన లేకపోయెను. అయినను, ఆ బాలిక యన్నమాట పూర్తిగాఁ దప్పు గాదని రెండుగంటలలో నాకుఁ దెలిసెను.

ఆ స్థలమున కా పేరు లార్డు లనెడి ప్రభువులవలన రాలేదు. తామసు లార్డు అను నొక యాటగాఁడు, వ్యవహారదక్షుఁడు, 1787లో లండనులోని డార్సెట్ స్క్వేరు అను చోట నొక మైదానము నేర్పఱచెను. మెరిలిబోను క్రికెట్టు క్లబ్బనునది యా యేఁటనే పుట్టెను. కౌలుగడువు తీఱిపోఁగా నతఁడు మైదానమును రెండవచోటికి మార్చెను. ఆ రెండవచోటిమీఁదుగాఁ గాలువ త్రవ్వ నిశ్చయింపఁబడుటచే నక్కడనుండియుఁ గదలవలసి వచ్చెను. అప్పుడు లార్డు తన పచ్చికను పెల్లగించి తెచ్చి మూఁడవచోటఁ బఱపించెను. అదియే 1814 నుండి నేఁటివఱకు నిలిచియున్న మైదానము. అటు చేసిన లార్డే 1825లో నా స్థలమున నిండ్లు కట్టించి లాభము పొందఁ దలఁచెను. పెరుగుచున్న నగరమున నేల బంగారమైనది గదా! అప్పుడు విలియము వార్డు అను నతఁడు, ఇంగ్లండు బ్యాంకు డైరెక్టరులలో నొకఁడు, తానును 1820లో నా మైదానమందే 278 పరుగులు చేసిన యాటగాఁడు, ముందునకు వచ్చి అయిదువేల పౌనులకుఁ గౌలుహక్కును గొని యా నేలను నేలగా నిలిపెను.

సోదరులారా, ఈ వార్డుగారి పేరు మీరు జ్ఞాపక ముంచుకొనవలయును. నాఁ డతఁడు తన యెదుట నున్న లెక్కలను మాత్రమే చూచియుండినచో, నే నా దినమునఁ బట్టుపంచె కట్టుకొని చూచి వచ్చునది యొక యిండ్లవరుస యై యుండెడిది.

మైదానమును జూచినంతనే నా కొక యాశ్చర్యము గలిగెను. అది సమతలము గాదు! ఒక ప్రక్కనుండి రెండవ ప్రక్కకు దాదాపు రెండున్నర మీటరులు వాలియున్నది. అనఁగా నిలువెత్తు మనుష్యుని మించిన పల్లము. బంతి యా వాలున నొకవైపునకుఁ దిరుగుననియు, క్రొత్తవారు దాని నెఱుఁగక మోసపోవుదురనియు మార్గదర్శకుఁడు చెప్పెను. రెండువందల యేండ్లకుఁ బైగా నా వాలుమీఁదనే వా రాడుచున్నారు. నేల చదునగువఱకు వేచియుండలేదు. మన వసతిగృహపు దొడ్డి యెగుడుదిగుడుగా నున్నది గాన నది యాటకుఁ బనికిరాదని మనలోఁ గొందఱు చెప్పుట నాకప్పుడు జ్ఞప్తికి వచ్చెను.

ఆటగాండ్రు కూర్చుండు మందిరము 1890లో ముగిసిన కట్టడము. ఎఱ్ఱని కాల్చిన మట్టిపనితనముతో మన ప్రాంతపుఁ బాతమేడలను దలఁపించును. మైదానపుఁ గప్పుమీఁద గాలిదిక్కును జూపు నొక లోహపు బొమ్మ గలదు. కొడవలి మోపున వేసికొని వంగిన ముసలివాఁడు వికెట్ల మీఁది బెయిలును దీయుచుండును. అతఁడు కాలపురుషుఁడు. దినాంతమున ఆట ముగిసినదనుటకు బెయిళ్ళు దీసివేయుట యాచారము. 1926లో ఆ బొమ్మ క్లబ్బునకుఁ గానుకగా వచ్చెనఁట. అఱువది దాఁటిన నా కా బొమ్మను జూచినప్పుడు నవ్వును వచ్చినది, కొంచెము భయమును గలిగినది. ఇంక మన ఆటయు నెంతసేపు?

లోపలి వస్తుప్రదర్శనశాలలో రెండు వస్తువులను మీకుఁ జెప్పెదను. మొదటిది సుమారు నాలుగంగుళముల మట్టికుండిక. 1882లో నింగ్లండు జట్టు స్వదేశమున ఆస్ట్రేలియా చేత నోడఁగా, ఇంగ్లీషు క్రికెట్టు చనిపోయెననియు, దానిని దహనము చేసి భస్మము నాస్ట్రేలియాకుఁ గొనిపోవుదురనియు నొక పత్రిక పరిహాసముగా వ్రాసెను. ఆ మీఁదట నాస్ట్రేలియాకు వెళ్ళిన ఐవో బ్లై అను జట్టునాయకునికి నక్కడి స్త్రీ లీ కుండికను సరదాగా నిచ్చిరి. అంతటి చిన్నకుండిక కొఱకై రెండు దేశము లిన్ని దశాబ్దములుగాఁ బోరాడుచున్నవి. రెండవది యొక పిచ్చుక. 1936లోఁ గేంబ్రిడ్జి విశ్వవిద్యాలయపు జట్టుతరఫున జహంగీర్ ఖాను అను భారతీయ విద్యార్థి విసిరిన బంతి తగిలి యా పిచ్చుక చచ్చెను. దానిని లోపల దూది కూరి, ఆ బంతి ప్రక్కనే నిలిపియుంచిరి. దానిని జూచి నేను చాలసేపు కదలలేదు. ఒక పక్షి మరణముచే మన కాదికావ్యము పుట్టినది గదా! ఆటలోఁ జచ్చిన యొక చిన్నప్రాణిని గూడ మఱవక దాఁచుకొన్నవారియెడ నాకు గౌరవము గలిగెను.

ఇంక నింతకంటె ముఖ్యమైన మాట. ఆ మైదానమునకుఁ గీర్తి యెంత గలదో, అపకీర్తియు నంత గలదు. వేతనము పుచ్చుకొనక యాడువారు 'జెంటిల్‌మెన్', అనఁగాఁ బెద్దమనుష్యులు. వేతనము పుచ్చుకొని యాడువారు 'ప్లేయర్లు', అనఁగా వట్టి యాటగాండ్రు. ఒకే జట్టున నున్నను వారికి వేర్వేఱు గదులు, మైదానములోని కడుగిడుటకు వేర్వేఱు ద్వారములు. అచ్చువేసిన పట్టికలోఁ గూడఁ బెద్దమనుష్యుల కింటిపేరునకు ముందుఁ బొడియక్షరములు, కూలికి వచ్చినవారికిఁ దరువాతఁ బొడియక్షరములు! ఒకమాఱు టిట్మసు అను యువకుని పొడియక్షరములు పొరపాటున ముందు పడఁగా, దానిని సవరించుకొనుఁడని ధ్వనివిస్తారకమున నందఱు వినునట్లు ప్రకటించిరఁట. ఈ కథ విని మా మనుమరాలు నవ్వెను. నాకు నవ్వు రాలేదు. పేరునకు ముందేమి యుండవలయును, వెనుక నేమి యుండవలయు ననునది మన దేశమునఁ దెలియని విద్యయా? 1952లో లెన్ హటన్ అను వేతనజీవి మొదటిమాఱు జట్టునకు నాయకుఁ డయ్యెను. 1962లో నా భేదమునే రద్దుపఱచిరి. క్లబ్బున స్త్రీలకు సభ్యత్వము మాత్రము 1998 వఱకు లేదు. హైదరాబాదునఁ బెరిగిన మిథాలీ రాజు నాయకత్వమున మన దేశపు స్త్రీలు 2017లో నక్కడనే ప్రపంచకప్పు తుదియాట నాడి తొమ్మిది పరుగులతో నోడిరి. ఇంగ్లండు 228, మనవారు 219. ఆ యంకెలు మా మనుమరాలికిఁ గంఠస్థము.

మన దేశము మొట్టమొదటి టెస్టు పోటీ నాడినదియు నా మైదానమందే. 1932 జూన్ 25వ తేదీన. మన జట్టునకు నాయకుఁడు నాగపురమునఁ బుట్టిన తెలుఁగుబిడ్డ సి. కె. నాయుఁడుగారు. అంతకుముందు 1926లో బొంబాయియందు ఇంగ్లండునుండి వచ్చిన జట్టుపై 153 పరుగులు చేసి, పదునొక మాఱులు బంతిని హద్దు దాఁటించి యాకాశమున నెగురఁగొట్టిన వీరుఁ డాయన. ఆ పర్యటనకు నాయకుఁడుగా వచ్చిన పోరుబందరు మహారాజుగారు తమకన్న నాయుఁడుగారే తగినవారని గ్రహించి తొలఁగి, నాయకత్వము నాయనకు విడిచిరి. తగినవానికిఁ జోటిచ్చుటయు నొక రాజధర్మమే. ఆట మొదలైన కొలఁది సేపటికే యింగ్లండు 19 పరుగులకు మూఁడు వికెట్లు గోలుపోయెను. మహమ్మదు నిసారు ఐదు వికెట్లు పడఁగొట్టెను. మొదటి యిన్నింగ్సున మనవారిలో నెక్కువ పరుగులు నాయుఁడుగారివే, 40. తుదకు 158 పరుగులతో మన మోడితిమి. ఆటగాండ్ర గదిలో గొప్ప పనిచేసినవారి పేరులు వ్రాసిన ఫలకములు గలవు. నూఱు పరుగులు చేయవలయును, లేదా యొక యిన్నింగ్సున నైదు వికెట్లు తీయవలయును. నిసారు పేరున్నది. 1952లో 184 పరుగులు చేసిన వినూ మన్కదు పేరున్నది. నాయుఁడుగారి పేరు లేదు. నలువది పరుగులకు ఫలకము లేదు గదా! కాని యా పేరులలో నెవని కులమేదో, మతమేదో యెక్కడను వ్రాసి లేదు. పేరు, అంకె, సంవత్సరము; అంతే.

ఇచ్చట మన యింటిముచ్చటయు నొకటి చెప్పవలసియున్నది. బొంబాయిలో నాఁడు హిందువులకొక జట్టు, ముసల్మానుల కొకటి, పారశీకుల కొకటి, దొరల కొకటి. 1946లోఁ గాని యా మతపుఁబోటీలు నిలిచిపోలేదు. ఆ హిందూజట్టున పాల్వంకర్ బాలూ అను నొక యసమాన బౌలరు గలఁడు. ఆయన యస్పృశ్యులని పిలువఁబడిన కులమునఁ బుట్టినవాఁడు. పూనాలో నాడు దినములలో, మైదానమున నాయన తాఁకిన బంతిని దాఁకినవారే విరామసమయమున నాయనకు వేఱుగా మట్టిపిడతలోఁ దేనీరిచ్చి వెలుపల నిలిపిరి. 1911లో నింగ్లండు పర్యటనయందు నూఱు వికెట్లకుఁ బైగాఁ దీసినవాఁ డాయన. హిందూజట్టునకు నాయకత్వము మాత్ర మాయనకు దొరకలేదు. ఆయన తమ్ముఁడు విఠలునికి 1923లో దొరకినది. లార్డ్సులో ద్వారములు రెండు. మన యూళ్ళలోఁ బిడతలు రెండు. దొరలను మాత్రమే నిందించి చేతులు దులుపుకొన మనకు వీలులేదు.

ఒక కులసంఘపు సభలో నీ మాట లేల యని కొందఱికిఁ దోఁపవచ్చును. మన సంఘ మెందుకుఁ బుట్టినది? చదువుకొన రానివారికిఁ జదువు, ఉండఁజోటు లేనివారికి వసతి కల్పించుటకు. ఏ తలుపులు మూసియుండుటచే మన పెద్దలు బాధపడిరో, ఆ తలుపులను దెఱచుటయే సంఘధర్మము. మన చేతికిఁ దాళముచెవి వచ్చినంతనే మఱొకరికిఁ దలుపు మూయుట కాదు.

తరువాతి వారమున లండనునకు సుమారు అఱువదిమైళ్ళ దూరమున నున్న ఆక్సుఫర్డునకుఁ బోయితిమి. "విశ్వవిద్యాలయ మెక్కడ?" అని నే నడుగఁగా మా యల్లుఁడు నవ్వి, "ఊరంతా అదే మామయ్యా" అనెను. ఒక ప్రాకారములోని కట్టడము గాదు. ముప్పదికి మించిన కళాశాలలు, ఒక్కొక్కదానికిఁ దన ముఖద్వారము, తన తోఁట, తన భోజనశాల. క్రీ. శ. 1096 నాఁటికే యచ్చట నేదో యొక రీతి బోధన జరుగుచుండెనని చెప్పుదురు. ఊరిలో విద్యాలయ మున్నదో, విద్యాలయములో ఊరున్నదో తెలియదు. మన నవద్వీపము, కాశి మొదలగు పండితస్థానములు కూడ నట్టివే గదా యని నాకుఁ దోఁచినది.

1602లోఁ దెఱవఁబడిన బోడ్లియను గ్రంథాలయమును జూచితిని. అందు లోపల నిప్పు ముట్టింపమని చదువరులచే ప్రమాణము చేయింతురు. పుస్తకము వెలుపలికిఁ గొనిపోవ నియమములేదు. 1645లో రాజైన ఒకటవ చార్లెసు పుస్తక మొకటి యెరువడుగఁగా నీయలేదఁట. రాజును నియమ మెఱిఁగి యూరకొనెనఁట. మన వసతిగృహపు గ్రంథాలయమునుండి పెద్దలు పట్టుకొనిపోయిన పుస్తకముల జాబితా మన కార్యదర్శిగారియొద్ద నున్నది. ఆ పెద్దల పేరులు నేను జదువను. వారీ సభలోనే యున్నారు.

సంస్కృతోపాధ్యాయుఁడ నగుటచే నా మనస్సు సంస్కృతపీఠము మీఁదనే యుండెను. ఈస్టిండియా కంపెనీ సైన్యమునఁ బనిచేసిన జోసఫ్ బోడెన్ అను నుద్యోగి తన యాస్తి నీ పీఠమునకు వ్రాసి చనిపోయెను. మన గ్రంథముల నెఱిఁగి మనలను మతాంతరులఁ జేయవలయునని యాయన యుద్దేశము. 1832లో మొదటి యాచార్యుఁడుగా హెచ్. హెచ్. విల్సను ఎన్నుకొనఁబడెను. ఆయన యనంతరము 1860లో జరిగిన యెన్నికలో మోనియరు విలియమ్సునకు 833 ఓట్లు, ఋగ్వేదమును బ్రకటించుచున్న మాక్సుమూలరునకు 610 ఓట్లు వచ్చినవి. మోనియరు విలియమ్సు సంస్కృత నిఘంటువును నేను జదువుకొనునపుడు మా గురువుగారి బల్లమీఁదఁ జూచితిని. ఆ పీఠమును బెట్టినవాని కోరిక యొకటి; దానినుండి ఫలించినది మఱియొకటి. విద్యాదానమున నిదియే విశేషము. దాత తలఁచిన గట్లు దాఁటి యది ప్రవహించును.

ఆ మోనియరు విలియమ్సే మన దేశమునఁ బర్యటించి, సంస్థానాధీశులయొద్ద విరాళములు దెచ్చి, ఆక్సుఫర్డు నడివీథిలో 'ఇండియన్ ఇన్‌స్టిట్యూటు' అను మందిరమును గట్టించెను. 1883లో శంకుస్థాపన జరిగెను. దాని శిఖరముమీఁద గాలిదిక్కును జూపునది యేనుఁగుబొమ్మ. ద్వారముకడ సంస్కృతమున శాసనము చెక్కియున్నది. పరదేశమున దేవనాగరి లిపిని జూచి నాకన్నులు చెమర్చినవి. లోపలికిఁ బోవ యత్నింపఁగా, అది యిప్పుడు వేఱు కార్యములకు వాడుచున్నారనిరి. 1960 తరువాతి దశాబ్దమున విశ్వవిద్యాలయమువారు దానిని దమ యవసరములకై పుచ్చుకొనఁ దలఁపఁగా, అభ్యంతరములు వచ్చినను లాభము లేకపోయెను. 1968లో గ్రంథములు మఱియొక భవనపుఁ బై యంతస్తునకుఁ దరలింపఁబడినవి. ఏనుఁగు మాత్రము శిఖరముపైఁ దిరుగుచునే యున్నది. ఒకపనికై యుంచిన స్థలము చేయిదాఁటినచో మరల రాదనుట కింతకన్న సాక్ష్య మేమి వలయును?

మన తెలుఁగుకుటుంబమునఁ బుట్టి, ఆంధ్ర విశ్వకళాపరిషత్తునకు 1931 నుండి 1936 వఱకు నుపాధ్యక్షులై యుండిన సర్వేపల్లి రాధాకృష్ణగారు, 1936 నుండి 1952 వఱకు నీ యాక్సుఫర్డునందే ప్రాచ్యమతధర్మముల కాచార్యులై యుండిరి. ఆల్ సోల్సు కళాశాల ముందు నేను జెప్పులు విడిచి ఒక నిమిషము నిలిచితిని. ఆ విద్యాపీఠము తలుపులును నెల్లప్పుడు తెఱచియుండలేదు. 1871 వఱకు ఆంగ్లచర్చి మతస్థులు గానివారికి నచ్చటి పదవులు, పై పట్టములు దుర్లభము. స్త్రీలకు 1920 వఱకు పట్టమే లేదు. మన దేశమునుండి వెళ్ళిన కార్నీలియా సొరాబ్జీ 1892లో న్యాయశాస్త్రపరీక్ష నిచ్చియు, పట్టము పుచ్చుకొనుటకు ముప్పదియేండ్లు వేచియుండెను.

సాయంకాలమున మా మనుమరాలు నన్ను ఇఫ్లీరోడ్డు అను వీథిలోని పరుగుబాటకుఁ గొనిపోయెను. చూచుటకు విశేషమేమియు లేదు. ఒక చుట్టుబాట, నడుమఁ బచ్చిక. నలుగురు విద్యార్థులు పరుగెత్తుచుండిరి. అచ్చటనే 1954 మే 6వ తేదీన రోజరు బానిస్టరు అను నిరువదియైదేండ్ల వైద్యవిద్యార్థి యొక మైలును 3 నిమిషముల 59.4 సెకనులలోఁ బరుగెత్తెను. నాలుగు నిమిషములలోపల మైలు పరుగెత్తుట మానవదేహమునకు సాధ్యము గాదని యనేకు లనుకొనుచుండిరి. 1945లో గుండర్ హెగ్ అను స్వీడనుదేశీయుఁడు 4 నిమిషముల 1.4 సెకనులవఱకు వచ్చియుండెను. తొమ్మిదేండ్లు దాని నెవ్వరును దాఁటలేదు.

ఆ దినమున బానిస్టరు ఉదయమున లండను వైద్యశాలయందుఁ దన పని తాను జూచుకొని, పిదప రైలులో వచ్చెను. గాలి బలముగా వీచుచుండెను. పరుగెత్తుటయా, మానుటయా యని సందేహించుచు సమీపపు చర్చి జెండానే చూచుచుండెనఁట. తుదినిమిషమున జెండా వాలెను. బ్రాషరు, చాటవే అను మిత్రు లిద్దఱు వంతులుగా ముందు పరుగెత్తి వేగము నిలిపిరి; చివర నతఁ డొక్కఁడే దూసికొని పోయెను. ఫలితము ప్రకటించు నతఁడు "మూఁడు" అనునప్పటికే కేకలు మిన్నుముట్టి, తక్కిన యంకెలు వినఁబడలేదు. నలువదియాఱు దినములకే జాన్ లాండీ అను నాస్ట్రేలియావాఁ డంతకన్న వేగముగాఁ బరుగెత్తెను. ఒకఁడు తెఱచిన తలుపున రెండవవాఁడు పోవుట సులభము. బానిస్టరు పిదప నరముల వైద్యమునఁ బ్రసిద్ధుఁడై, ఆక్సుఫర్డులోనే యొక కళాశాల కధ్యక్షుఁడై, 2018లోఁ గాలధర్మము నొందెను. ఆట చదువునకు శత్రువను వారి కా జీవితమే సమాధానము.

కాని నన్నాకర్షించిన విషయము వేఱు. బానిస్టరు విద్యార్థిగా నున్న దినములలో నచ్చటి బాట గతుకులతో, లెక్కకుఁ గుదురని పొడవుతో నుండెడిది; మూఁడు చుట్లకొక మైలు. విద్యార్థుల వ్యాయామసంఘమునకుఁ దా నధ్యక్షుఁ డైనప్పుడు బానిస్టరు పూనుకొని, దానిని మార్పించి, నాలుగు చుట్లకు మైలగు సరియైన బాటను వేయించెను. తరువాతి కాలమున నా బాటమీఁదనే తన పరుగు పరుగెత్తెను. మొదట నేలను సిద్ధపఱచెను. కీర్తి తరువాత వచ్చెను.

ఆ గట్టుమీఁదఁ గూర్చుండియుండఁగా మనుమరాలు నన్ను, "తాతయ్యా, మీ బడిలో పిల్లలు ఎక్కడ ఆడుకునేవాళ్ళు?" అని యడిగెను. నేను జవాబు చెప్పలేదు. ఆ జవాబు మీ యెదుటఁ జెప్పుటకే యింతదూరము వచ్చితిని.

నేను పనిచేసిన యొక పాఠశాలలో వెనుకబెంచీని గూర్చుండు నొక పిల్లవాఁడు గలఁడు. వాని తండ్రి కూలివాఁడు. పాతగుడ్డ లుండచేసి, సైకిలు ట్యూబుముక్కలు చుట్టి వాఁ డొక బంతిని జేసికొనెను. పాఠము జరుగుచుండఁగా నా బంతి బల్లక్రిందనుండి దొరలి నా కాళ్ళకడకు వచ్చెను. ఆ దినమున నేను జెప్పుచున్నది కుమారసంభవము పంచమసర్గము. తపస్సుచేఁ గృశించిన పార్వతితో, దేహరక్షణమే ధర్మమునకు మొదటిమెట్టను భావము గల మాటను బ్రహ్మచారివేషమున శివుఁడు పలుకు ఘట్టము. ఆ శ్లోకమునకుఁ బ్రతిపదార్థము చెప్పుచునే నేనా బంతిని దీసికొని సొఱుగులో వేసి తాళము వేసితిని. వానిని నిలువఁబెట్టి నాలుగు మాటలంటిని. మఱునాఁడు వచ్చెను. బంతి యడుగలేదు. నేనును నీయలేదు. కొన్నినెలలకు వాఁడు బడి మానెను. పేదఱికముచే మానెనో, మఱి దేనిచే మానెనో నాకుఁ దెలియదు. నేను విచారింపనును లేదు. నేను విరమించిన దినమున సొఱుగు ఖాళీచేయుచుండఁగా నా బంతి దొరకినది. రబ్బరు చివికి పొడియై నా వ్రేళ్ళకంటినది. శ్లోకమునకు అర్థము చెప్పుటలో నేను దప్పు చేయలేదు. అర్థము గ్రహించుటలోఁ జేసితిని.

మఱియొక తప్పును గలదు. మూఁడేండ్లక్రిందట మన వసతిగృహపు దొడ్డిలోఁ గల్యాణమంటపము కట్టవలయునను సూచనను బలపఱచినవారిలో నేనొకఁడను. ఆ నాఁటి వ్రాఁతపుస్తకమున నా సంతకమున్నది. దానిని నేను దాఁచుకొనను. ఈనాఁడు దానిని వెనుకకుఁ దీసికొనుచున్నాను.

కల్యాణమంటపము కోరువారి వాదము తేలికయైనది గాదు. మనలోఁ బేదకుటుంబములు పెండ్లికి మంటపపు బాడుగ నిచ్చుకొనలేక యప్పులపా లగుచున్నవి. మంటపముపై వచ్చు నాదాయముచే విద్యార్థివేతనములు పెంచవచ్చును. ఇవి సత్యములు. కాని మంటపము రెండవచోటఁ గట్టవచ్చును; దొడ్డి రెండవచోట దొరకదు. ఎకరమునకుఁ గొంచెము మించిన యంతటి నేల మన పట్టణమధ్యమున నింక మన సంఘమునకుఁ గొనఁగల శక్తి లేదు. వీథివైపున నున్న పాతగిడ్డంగిని, వాడుకలో లేని పాతవంటయింటిని దీసివేసి, ఆ జాగాలో రెండంతస్తుల మంటపము కట్టవచ్చునని యింజనీరుగారు నాతోఁ జెప్పిరి. అది చిన్నది, ఆదాయమును దగ్గును. దగ్గినది మనము పెద్దలము భరింతము. పిల్లల చేత భరింపఁజేయవలదు.

సాయంకాల మయిదుగంటలకు మన వసతిగృహమునకుఁ బోయి చూడుఁడు. పిల్లలు మంచములపైఁ బడుకొని చేతియంత్రములను జూచుచుందురు. వారిని గోపించుట సులభము. "పోయి యాడుకొనుము" అని మన మనఁగలుగుట కొకచోటు ముందుగా నుండవలయును గదా! శ్రీకాకుళము జిల్లాలోని యూసవానిపేటలోఁ బుట్టిన కరణం మల్లీశ్వరి 2000వ సంవత్సరమున సిడ్నీ ఒలింపిక్సులో బరువు లెత్తి పతకము దెచ్చెను. ఒలింపిక్సులోఁ బతకము గొన్న మొదటి భారతస్త్రీ యామెయే. పల్లెలో నొక వ్యాయామశాల తలుపు తెఱచియుండుటచేఁ గదా యట్టివారు వెలువడుదురు. అందఱు పతకములు దెత్తురని నేను జెప్పను. నూఱుగురిలో నూఱుగురు నారోగ్యముగా నిద్రపోయి, ఓడుట నేర్చుకొన్నను జాలును. ఓటమిని నవ్వుచు నోర్చుకొనుట తరగతిగదిలో మేము నేర్పలేకపోయితిమి.

కావున నా విన్నపము లివి. ఆ నేలను మైదానముగనే యుంచుఁడు. చదును చేయుటకును, చుట్టు కంచె వేయుటకును నా పింఛనునుండి యొక సంవత్సరపు మొత్తమును సంఘమున కిచ్చుచున్నాను. చెక్కు కార్యదర్శిగారి చేతికి నీ సభానంతర మందును. వారములో మూఁడు దినములు సాయంకాల మా స్థలము బాలికలకే విడువుఁడు. లేకున్నచో వారి వంతెన్నటికిని రాదు. మూఁడవది, మీలోఁ గొందఱికిఁ గష్టముగా నుండవచ్చును: ప్రక్కపేటల పిల్లలు, వా రే కులమువారైనను, వచ్చి యాడుటకు ద్వారము తెఱచి యుంచుఁడు. ఒక ద్వారమే యుంచుఁడు. రెండు వలదు. త్రాగునీటికొక కుండయే యుంచుఁడు. దాతల పేరుల ఫలకము పెట్టవలసియున్నచోఁ బేరును, సంవత్సరమును మాత్రము వ్రాయుఁడు.

రేపటి తీర్మానమున మీరు నా మాట నంగీకరింపకపోయినను నాకుఁ గోపము రాదు. మంటపపు శంకుస్థాపనకు నేనును వచ్చి యక్షతలు వేయుదును. కాని యే పిల్లవాఁడైనను నన్ను "మాస్టారూ, మేము ఎక్కడ ఆడుకోవాలి?" అని యడిగినచో, ఈ మాఱు జవాబు మీరు చెప్పవలయును.

ముసలివాని మాటలలో దోషము లున్న మన్నించి సారమును గ్రహింపుఁడని ప్రార్థించుచు విరమించుచున్నాను. స్వస్తి.